కొడవలికి తుప్పు పట్టకుండా దాచుకుందాం



మనలో చాలామందికి సొంత కొడవలి ఉంది. ఇంట్లో కత్తిపీట ఉంది. గడ్డపార, గొడ్డలి, దోకుడు పార కూడా ఉంటాయి. ఇవన్నీ ఇనుపవి. రోజూ పనిలో ఉన్నప్పుడు వీటికి తుప్పు అంతగా పట్టదు. పని అయిపోయి మూల పెట్టినప్పుడే పడుతుంది. మనం చూడని రోజుల్లోనే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

ఈ పాఠంలో మూడు సంగతులు తెలుసుకుందాం. తుప్పు ఎందుకు పడుతుంది? పట్టిన తుప్పు ఎట్లా పోతుంది? మళ్ళీ పట్టకుండా ఎట్లా దాచాలి?

ఒక అత్త కొడవలి

దర్శి దగ్గర మా ఊళ్ళో పొద్దుగూకినాక చదువుకోడానికి వచ్చే ఆడవాళ్ళలో ఒక అత్త ఉంది. వయసు యాభై దాటింది. కూలి పనికి పోతుంది. కోతలో ఆమె చేయి చాలా చురుకు.

మన వైపు కార్తీకం నుంచి పత్తి తీత మొదలవుతుంది. ఆ తర్వాత మిరపకాయ కోత వస్తుంది. ఈ రెండు పనులూ చేత్తోనే చేస్తాం. కొడవలితో పని ఉండదు. అందుకని అత్త తన కొడవలిని ఖాళీ ఎరువుల సంచిలో చుట్టి చూరులో దోపింది. అవే తుఫాను వానలు పడే రోజులు. చూరులో నుంచి జల్లు కొట్టింది.

సంక్రాంతి దాటినాక కంది కోతకు పిలుపు వచ్చింది. పదిమంది ముఠా కట్టి, ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకున్నారు. తెల్లారితే పని. అత్త చూరులో చేయి పెట్టి కొడవలి తీసింది. ఎర్రటి పొడి రాలింది. కొడవలి కక్కులు సగం తినేసి ఉన్నాయి. పిడి వదులైంది.

ఆ రోజు ఆమె పనికి పోలేదు. కొలిమి దగ్గరికి పోయింది. కమ్మరి కొడవలిని తిప్పి తిప్పి చూశాడు.

"కక్కులు మళ్ళీ కొట్టడానికి ఇందులో ఇనుము లేదమ్మా. కొత్తది చేయించుకో" అన్నాడు.

కొత్త కొడవలి వచ్చేసరికి ఇంకో రోజు పోయింది. ముఠావాళ్ళు ఆమె కోసం ఆగలేదు. ఎట్లా ఆగుతారు? ఎవరి కడుపు వాళ్ళది. రెండు రోజుల కూలి పోయింది. కొడవలి ఖర్చు మీద పడింది.

రాత్రి కేంద్రానికి వచ్చి అత్త ఆ సంగతి చెప్పింది. చెప్పి ఒక మాట అన్నది.

"మా అమ్మ కొడవలికి ఆముదం రాసి, పాత గుడ్డ చుట్టి, అటక మీద పెట్టేది. ఎందుకు పెట్టేదో నాకు తెలవదు. ఆమె చెప్పలా, నేను అడగలా. తెలవకనే మానేశా."

ఆ మాట నాకు మనసులో నిలిచింది. మన పెద్దవాళ్ళు చేసిన మంచి పని మనకు కనపడుతుంది. దాని వెనక ఉన్న కారణం కనపడదు. కారణం తెలియని పనిని తొందరగా మానేస్తాం. కారణం తెలిస్తే మానం. అందుకే ఈ పాఠం.

తుప్పు అంటే ఏమిటి?

తుప్పు బయటి నుంచి వచ్చి అంటుకునే మురికి కాదు. ఇనుమే తుప్పుగా మారుతుంది.

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు ఉంది. దాన్నే ఆక్సిజన్ అంటారు. ఇనుము మీద తడి ఉన్నప్పుడు ఈ ప్రాణవాయువు ఇనుముతో కలుస్తుంది. రెండూ కలిసి ఎర్రటి పొడిగా తయారవుతాయి. అదే తుప్పు.

అంటే తుప్పు పట్టడానికి మూడు కావాలి.

1. ఇనుము
2. గాలి
3. తడి

ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. ఇనుము మన దగ్గర ఉండాల్సిందే. ఇక మనం చేయగలిగింది ఒకటే. తడినీ గాలినీ ఇనుము దగ్గరికి రానీయకుండా ఆపడం. మన పని అంతా దీనిలోనే ఉంది.

తుప్పుకు ఇంకో గుణం ఉంది. అది పొరలు పొరలుగా ఊడిపోతుంది. పై పొర రాలగానే లోపలి ఇనుము బయటపడుతుంది. దానికీ గాలి, తడి తగులుతాయి. అదీ తుప్పు పడుతుంది. ఇట్లా పైనుంచి లోపలికి తినుకుంటూ పోతుంది. పైగా తుప్పు స్పాంజిలాగా తడిని పట్టి ఉంచుతుంది. అందుకే చిన్న మచ్చను వదిలేస్తే పెద్దదవుతుంది.

తడి కనపడకుండా కూడా ఉంటుంది

"నేను కొడవలి తడపలేదే, మరి తుప్పు ఎందుకు పట్టింది?" అని అడుగుతారు. తడి అంటే నీళ్ళు పోయడమే కాదు. గాలిలోనే తేమ ఉంటుంది. వానాకాలంలో అప్పడాలు మెత్తబడతాయి. ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మే ఇనుము మీద కూడా చేరుతుంది. గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటితే ఇనుముకు తుప్పు పట్టడం బాగా పెరుగుతుంది.

చల్లటి నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమటలాగా నీటి బొట్లు పట్టడం చూశారు కదా? ఇనుము కూడా అంతే. రాత్రి చలికి ఇనుము చల్లబడుతుంది. తెల్లవారుజామున చెమ్మగాలి తగిలితే దాని మీద సన్నటి నీటి పొర పడుతుంది. కంటికి సరిగా కనపడదు. తుప్పుకు మాత్రం అది చాలు.

ఉప్పు చేసే చెరుపు

ఉప్పు తగిలితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఉప్పు చెమ్మను లాగుతుంది. ఉప్పు కలిసిన నీళ్ళలో ఇనుము త్వరగా తింటుంది. సముద్రం ఒడ్డున కొత్తపట్నం, చినగంజాం వైపు చుట్టాలుంటే అడిగి చూడండి. అక్కడ ఉప్పుగాలి. కిటికీ ఊచలు, తలుపు గొళ్ళాలు తొందరగా పాడవుతాయి.

మనకు సముద్రం దూరం. అయినా ఉప్పు మన ఇంట్లోకి నాలుగు దారుల్లో వస్తుంది.

ఒకటి, చెమట. చెమట ఉప్పగా ఉంటుంది. తుడవకుండా పెట్టిన కొడవలి మీద వేలిముద్రలు పడ్డ చోటే తుప్పు మచ్చలు వస్తాయి.

రెండు, బోరు నీళ్ళు. మన వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగి అట్లాగే పెడితే, నీళ్ళు ఆరిపోయినా ఉప్పు మిగిలిపోతుంది.

మూడు, ఎరువుల సంచి. ఎరువులు కూడా ఒక రకం ఉప్పులే. అవి చెమ్మను లాగుతాయి. సంచి ఖాళీ అని మనం అనుకుంటాం. అడుగున, కుట్లలో ఎరువు పొడి ఉంటుంది. అత్త కొడవలి అంత త్వరగా పాడవడానికి పెద్ద కారణం ఇదే. ఒకవైపు వాన జల్లు, ఇంకోవైపు ఎరువు పొడి. పైగా లోపలి తడి బయటికి పోనీయని ప్లాస్టిక్ సంచి.

నాలుగు, ఊరగాయ పని. మామిడికాయలు కొట్టే పెద్ద కత్తిపీట సంవత్సరానికి ఒక్కసారి బయటికి వస్తుంది. వీధిలో ఒక ఇంట్లో ఉంటే నలుగురూ వాడుకుంటారు. మామిడికాయ పులుపు ఇనుమును తింటుంది. కాయ ముక్కల మీద, కత్తి మీద నల్లటి మరక పడుతుంది. అది కాయలోని వగరు ఇనుముతో కలిసినందువల్ల వచ్చే నలుపు. కత్తిపీటను పైపైన తుడిచి మంచం కింద పెడితే, వచ్చే ఎండాకాలానికి అది ఎర్రబడి ఉంటుంది.

మీరే చేసి చూడండి

చెప్పింది నమ్మడం కంటే చేసి చూడడం మేలు. నాలుగు చిన్న గాజు సీసాలు తీసుకోండి. మూతలు ఉండాలి. నాలుగు మామూలు ఇనుప మేకులు తీసుకోండి. జింకు పూత ఉన్నవి వద్దు. మేకుల్ని సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో బాగా తుడవండి.

1వ సీసా: ఎండలో బాగా ఎండబెట్టండి. పొడి మేకు వేసి మూత గట్టిగా బిగించండి. ఇందులో గాలి ఉంది, తడి లేదు.

2వ సీసా: నీళ్ళు బాగా మరగనివ్వండి. మరిగితే నీటిలోని గాలి బయటికి పోతుంది. కాస్త వేడి తగ్గినాక సీసాలో మేకు వేసి, ఆ నీళ్ళు పోయండి. పైన కొంచెం నూనె పోసి మూత పెట్టండి. ఇందులో తడి ఉంది, గాలి లేదు.

3వ సీసా: మేకు సగం మునిగేట్టు మామూలు నీళ్ళు పోయండి. మూత పెట్టొద్దు. ఇందులో గాలి ఉంది, తడి ఉంది.

4వ సీసా: మేకు సగం మునిగేట్టు ఉప్పు నీళ్ళు పోయండి. మూత పెట్టొద్దు. ఇందులో గాలి, తడి, ఉప్పు మూడూ ఉన్నాయి.

సీసాల మీద కాగితం అంటించి 1, 2, 3, 4 అని అంకెలు మీరే వేయండి. వారం రోజులు పిల్లలకు అందకుండా పెట్టండి. తర్వాత చూడండి. 1, 2 సీసాల్లో మేకులు దాదాపు పెట్టినట్టే ఉంటాయి. 3లో మేకు ఎర్రబడుతుంది. 4లో తుప్పు ఇంకా ఎక్కువగా ఉంటుంది.

మా కేంద్రంలో ఇది చేసినప్పుడు 2వ సీసా చూసి అత్త ఆశ్చర్యపోయింది.

"నీళ్ళలో మునిగిన మేకుకు తుప్పు పట్టలా? ఏందమ్మా ఇది!" అన్నది.

"పైన నూనె ఉంది కదత్తా. నూనె గాలిని లోపలికి పోనీలేదు" అన్నాను.

అత్త కాసేపు ఆలోచించింది.

"అయితే మా అమ్మ రాసిన ఆముదం చేసే పని కూడా ఇదేనన్నమాట" అన్నది.

అవును. అదే.

స్టీలు గిన్నెకు ఎందుకు పట్టదు?

మన ఇంట్లో స్టీలు గిన్నెలు ఏళ్ళ తరబడి తళతళలాడుతుంటాయి. వాటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. అయితే ఆ ఇనుములో క్రోమియం అనే ఇంకో లోహం కలుపుతారు. నూటికి పది పాళ్ళకు పైనే కలుపుతారు. గాలి తగలగానే ఈ క్రోమియం గిన్నె మీద కంటికి కనపడని పలచటి పొర కడుతుంది. ఆ పొర కింది ఇనుమును కాపాడుతుంది. గీత పడినా పొర మళ్ళీ కట్టుకుంటుంది. ఇంగ్లండు దేశంలో షెఫీల్డు అనే ఊళ్ళో హారీ బ్రేర్లీ అనే ఆయన 1913లో ఇట్లాంటి స్టీలు తయారుచేశాడు.

మన కొడవలిని అట్లాంటి స్టీలుతో చేయరు. కమ్మరి చాలాసార్లు లారీ కమాను పట్టాలాంటి గట్టి ఇనుముతో చేస్తాడు. దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, కావలసిన వంపు తెచ్చి, పదును పెట్టడం తేలిక. పదును బాగా నిలుస్తుంది. అయితే దానికి తుప్పు పట్టే గుణం ఉంది. పదును మనకు కావాలి. కాబట్టి కాపాడుకునే పని కూడా మనదే.

ఢిల్లీలో కుతుబ్ మీనారు పక్కన ఒక ఇనుప స్తంభం ఉంది. గుప్తరాజుల కాలం నాటిది. సుమారు 1600 ఏళ్ళుగా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడి ఉంది. ఎత్తు 7 మీటర్లు. బరువు 6 టన్నులకు పైనే. అయినా తుప్పు తినేయలేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉంది. దానివల్ల స్తంభం మీద కాపాడే పొర ఒకటి కట్టింది. దాన్ని చేసింది మన దేశపు కమ్మరులే.

మన తెలుగు కమ్మరులకు కూడా గొప్ప పేరుంది. ఇప్పటి తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం అనే ఊళ్ళో ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు తీసేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకు లోకమంతా పేరు. అట్లాంటి ఉక్కు కత్తికి కూడా తడి తగిలితే తుప్పు పడుతుంది. ఎంత గొప్ప కత్తి అయినా కాపాడేవాళ్ళు ఉండాలి.

హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం ఉంది. 1951లో దాన్ని తెరిచారు. అందులో పాతకాలపు కత్తులు, బాకులు చాలా ఉన్నాయి. నూర్జహాన్ రాణిది అని చెప్పే పండ్లు కోసే కత్తి కూడా ఉంది. పాత కత్తుల్ని దాచేవాళ్ళు ఎక్కడైనా పాటించే పద్ధతి ఒకటే. ఒట్టి చేత్తో పట్టుకోరు. చెమట తగలకుండా తొడుగులు వేసుకుంటారు. పొడి గాలిలో ఉంచుతారు. ఇనుము మీద సన్నగా నూనె గానీ మైనం గానీ రాస్తారు. తోలు ఒరలో పెట్టి వదిలేయరు. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది.

రాణిగారి కత్తికైనా, కూలికి పోయే అత్త కొడవలికైనా కావలసింది ఒకటే. పొడిగా ఉంచడం, నూనె పొర వేయడం.

పట్టిన తుప్పు తీసే విధం

తుప్పు మచ్చలు కొద్దిగా ఉంటే ఇంట్లోనే తీసుకోవచ్చు.

ముందు కొడవలిని బల్ల మీదో బండ మీదో ఆనించి గట్టిగా పట్టుకోండి. పదును అవతలి వైపు ఉండాలి. ఎప్పుడూ వీపు వైపు నుంచి పదును వైపుకు రుద్దాలి. పదును వెంబడి రుద్దితే వేళ్ళు తెగుతాయి.

మెత్తటి ఇటుక పొడి గానీ బూడిద గానీ తడిగుడ్డకు అద్ది రుద్దండి. గరుకు కాగితం ఉంటే అది కూడా మంచిదే. పైపై తుప్పు పోతుంది.

తుప్పు గట్టిగా ఉంటే నానిన చింతపండు గానీ నిమ్మచెక్క గానీ రుద్దండి. పావుగంట ఉంచండి. పులుపుకు తుప్పును కరిగించే గుణం ఉంది. తర్వాత మళ్ళీ రుద్ది, మంచినీళ్ళతో రెండు సార్లు కడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పులుపు తుప్పును తీస్తుంది. తీసినాక అక్కడే మిగిలితే ఇనుమును కూడా తింటుంది. కాబట్టి బాగా కడగాలి. వెంటనే తుడవాలి. వెంటనే నూనె రాయాలి. "రేపు రాద్దాంలే" అంటే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది.

బూడిద కూడా అంతే. రుద్దడానికి మంచిది. కొడవలి మీద వదిలేయడానికి మంచిది కాదు. బూడిదలోనూ ఉప్పులున్నాయి. తడి బూడిద చెమ్మను పట్టి ఉంచుతుంది.

తుప్పు పోతుందని కొడవలిని పొయ్యిలో పెట్టకండి. కమ్మరి ఇనుమును లెక్క ప్రకారం కాల్చి, చల్లార్చి, పదునుకు గట్టితనం తెస్తాడు. మనం మంటలో పెడితే ఆ గట్టితనం పోతుంది. తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు.

కక్కులు బాగా తినేసి ఉంటే, పిడి లోపల తుప్పు ఉంటే కమ్మరికి చూపించండి. పని రోజు ముందు కాదు. నెల ముందే చూపించండి.

దాచుకునే పద్ధతి

ఈ ఏడు పనులు చేయండి. మొదటి ఆరూ పని అయిపోయిన రోజే చేయాలి. ఎండలో పెట్టే గంట కాకుండా, ఆ ఆరింటికీ పావుగంట పడుతుంది.

1. కడగండి. మట్టి, ఆకు పసరు, చెమట అన్నీ పోవాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే, చివరిసారి మంచినీళ్ళతో కడగండి.

2. తుడవండి. పొడిగుడ్డతో రెండు వైపులా తుడవాలి. కక్కుల మధ్య, పిడి మొదట్లో నీళ్ళు నిలుస్తాయి. అక్కడ మరీ బాగా తుడవాలి.

3. ఎండబెట్టండి. ఒక గంట ఎండలో పెట్టండి. పిల్లలు తిరిగే చోట పెట్టకండి. నీడలో చల్లబడనివ్వండి.

4. నూనె రాయండి. మూడు నాలుగు చుక్కలు చాలు. గుడ్డకు అద్ది, ఇనుము అంతటా పలచగా రాయాలి. ఎక్కువ పోస్తే దుమ్ము అంటుకుంటుంది. పిడి కర్రకు కూడా కొంచెం రాయండి. కర్ర పగలదు, లోపలికి నీళ్ళు దిగవు.

5. చుట్టండి. పాత నూలు గుడ్డకు కొంచెం నూనె రాసి చుట్టండి. పదును కనపడకుండా చుట్టాలి. ప్లాస్టిక్ సంచి, తడి గోనె, ఎరువుల సంచి వాడొద్దు.

6. పొడి చోట పెట్టండి. అటక మీద గానీ, ఇంటి లోపల ఎత్తులో మేకుకు గానీ పెట్టండి. చూరు వద్దు. నేల మీద వద్దు. చెమ్మ పట్టే గోడకు ఆనించొద్దు. ఉప్పు జాడీ పక్కన, ఎరువుల బస్తాల పక్కన వద్దు.

7. మధ్యలో చూడండి. ఎండాకాలంలో నెలకు ఒకసారి, వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి విప్పి చూడండి. అమావాస్యకు, పున్నమికి అని గుర్తు పెట్టుకుంటే తేలిక. నూనె ఆరిపోతే మళ్ళీ రాయండి.

ఏ నూనె మంచిది?

కొడవలికి, గొడ్డలికి, పారకు ఆముదం చాలా మంచిది. ఆముదం చిక్కగా ఉంటుంది. ఇనుమును అంటిపెట్టుకుంటుంది. త్వరగా ఎండిపోదు. వేపనూనె, కానుగ నూనె కూడా వాడొచ్చు.

వంటింటి కత్తిపీటకు, కోరాముకు వేపనూనె, కానుగ నూనె వద్దు. తినే నూనె వాడండి. కొబ్బరి నూనె మంచిది. నువ్వుల నూనె కూడా వాడొచ్చు. మళ్ళీ వాడేముందు వేడినీళ్ళతో కడిగి తుడవండి. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువ రోజులు ఉంటే బంకగా మారుతుంది.

ట్రాక్టరులో నుంచి తీసిన నల్లటి ఆయిలు కొంతమంది రాస్తారు. అది ఒంటికి మంచిది కాదు. కూరగాయలు కోసే కత్తికి, పశువులకు గడ్డి కోసే కొడవలికి దాన్ని అసలు వాడొద్దు.

కొత్త చెప్పుల పెట్టెలో, కొత్త సంచిలో చిన్న కాగితం పొట్లాలు వస్తాయి. వాటిలో తెల్లటి గింజలుంటాయి. అవి చెమ్మను పీల్చే గింజలు. మూత ఉన్న పెట్టెలో కత్తులు పెడితే ఆ పొట్లాలు కూడా వేయండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

దసరాకు ఆయుధపూజ చేస్తాం. కొడవళ్ళు, పారలు కడిగి, పసుపు కుంకుమలు పెడతాం. మంచి అలవాటు. పనిముట్టు మనకు అన్నం పెడుతుంది. అయితే తడి పసుపు, కుంకుమ అట్లాగే ఆరిపోతే వాటి కింద తుప్పు మొదలవుతుంది. పూజ అయినాక మర్నాడు తుడిచి నూనె రాయండి. దసరా తర్వాతే మన వైపు తుఫాను వానలు వస్తాయి. ఆ నూనె ఆ వానలకు అక్కరకొస్తుంది.

తుప్పు గాయం, ధనుర్వాతం

"తుప్పు పట్టిన కత్తి తెగితే ధనుర్వాతం వస్తుంది" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ క్రిమి మట్టిలో, పేడలో, దుమ్ములో ఉంటుంది. చేలో పడి ఉన్న తుప్పు కొడవలికి మట్టి, పేడ అంటుకుంటాయి. తుప్పు గరుకులో అవి దాగుతాయి. గాయం లోతుగా ఉంటే క్రిమి లోపలికి పోతుంది. తళతళలాడే కొత్త కొడవలికి మట్టి అంటి ఉన్నా అదే ప్రమాదం.

అందుకని ఏ కత్తి తెగినా సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో బాగా కడగండి. పసుపు, పేడ, మట్టి, సున్నం పెట్టొద్దు. ఆరోగ్య కేంద్రానికి పోయి చూపించండి. టీకా అవసరమో కాదో అక్కడ చెబుతారు. ఇదివరకు టిటి ఇంజెక్షను ఇచ్చేవారు. ఇప్పుడు టిడి అనే టీకా ఇస్తున్నారు. గర్భిణీ స్త్రీలకు కూడా ఈ టీకా వేస్తారు. తల్లికి వేస్తే పుట్టే బిడ్డకూ రక్షణ వస్తుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు ఇంట్లో కాన్పు అయితే చాలాచోట్ల కొడవలితోనో, పాత బ్లేడుతోనో బిడ్డ బొడ్డు కోసేవారు. పుట్టిన వారం పది రోజులకు బిడ్డ పాలు తాగలేక, దవడలు బిగుసుకుపోయి, విల్లులాగా వంగి చనిపోయేది. పెద్దవాళ్ళు గాలి సోకిందనుకునేవారు. అది ధనుర్వాతం. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగినాక ఈ చావులు బాగా తగ్గాయి. తల్లులకు, పుట్టిన బిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంటే ఏ జిల్లాలో చూసినా వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కూడా లేనంతగా తగ్గిందన్నమాట. క్రిమి మాత్రం మట్టిలోనే ఉంది. టీకా మానేస్తే జబ్బు మళ్ళీ వస్తుంది.

ఇంకో మాట. తుప్పులో ఇనుము ఉంది కదా, తింటే రక్తం పడుతుందా అని ఒక చెల్లెలు అడిగింది. పట్టదు. తుప్పు మందు కాదు. రక్తం తక్కువైతే ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకోవాలి. ఆకుకూరలు, పప్పులు తినాలి.

అత్త రాసిన చీటీ

కంది కోతలు అయిపోయినాక అత్త తన కొత్త కొడవలిని కేంద్రానికి తెచ్చింది. కడిగింది. తుడిచింది. ఆముదం రాసింది. పాత చీర ముక్క చుట్టింది. చుట్టినాక నా వైపు చూసింది.

"అమ్మాయ్, ఒక కాగితం ముక్క ఇయ్యి" అన్నది.

ఇచ్చాను. అందులో తన పేరు రాసుకుంది. కింద ఆ రోజు తేదీ వేసింది. "నూనె రాశాను" అని రాసింది. కాగితం మడిచి గుడ్డ ముడిలో దోపింది.

"మళ్ళీ నూనె రాసినప్పుడల్లా దీని కింద తేదీ వేస్తా. ఎప్పుడు రాశానో మర్చిపోను. మా కోడలు విప్పినా చదువుకుంటది" అన్నది.

వాళ్ళ అమ్మ ఆముదం రాసింది కానీ ఎందుకో చెప్పలేకపోయింది. అత్తకు ఇప్పుడు ఎందుకో తెలుసు. ఎప్పుడు రాసిందో చీటీ చెబుతుంది. కోడలికి రెండూ అందుతాయి.

మీరు కూడా మీ కొడవలికి ఒక చీటీ రాయండి.

గుర్తుంచుకోండి

గాలి, తడి రెండూ కలిస్తేనే ఇనుముకు తుప్పు పడుతుంది.
ఉప్పు, చెమట, ఎరువు, పులుపు తుప్పును తొందర చేస్తాయి.
కడగాలి, తుడవాలి, ఎండబెట్టాలి, నూనె రాయాలి, గుడ్డ చుట్టాలి.
ఎరువుల సంచిలో, చూరులో కొడవలి పెట్టకూడదు.
ఏ కత్తి తెగినా సబ్బుతో కడిగి ఆరోగ్య కేంద్రానికి పోవాలి.

చర్చించండి

1. మీ ఇంట్లో కొడవలి, కత్తిపీట ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? అది పొడి చోటేనా?
2. మీ అమ్మ, అమ్మమ్మ పనిముట్లను ఎట్లా దాచేవారు? అందులో ఇప్పుడు మీరు మానేసింది ఏమిటి?
3. కొడవలి పాడై మీలో ఎవరికైనా కూలి పోయిందా? ఎన్ని రోజులు? ఎంత డబ్బు? లెక్క రాయండి.
4. మీ వీధిలో మామిడికాయలు కొట్టే కత్తిపీట ఎవరింట్లో ఉంది? ఈసారి వాడినాక దాన్ని ఎవరు కడిగి నూనె రాస్తారు?